జగ్లూల్ మింగేసిన జోకు

నిమ్మకాయంత రేకు లాంతరు ఒకటి ఏడుగురు ప్రయాణికులనీ, ఒక డ్రైవర్నీ, గుడ్డ కట్టిన గిన్నెలో వండిన బాతునీ ఎక్కించుకున్న పాత కారును మహమూదియా నుంచి రషీద్ దాకా లాక్కెళ్ళింది.

నమ్మరా? సరే, లాక్కెళ్ళింది అనడం కొంచెం ఎక్కువే. నడిచింది కారే. రషీద్ దాకా కూడా కాదట, ఊరి మొదట్లో ఇటుక బట్టీల దాకానేనట, అక్కడ టైరు పంచరయిందట. ఇక లాంతరు సైజు సంగతి. నిమ్మకాయంత కాదు, బత్తాయంత ఉంటుందని ఆ కారు డ్రైవరు బయూమీ భార్య నర్గిస్ అంటుంది. కొన్నది ఆవిడే కాబట్టి ఆ మాట ఆవిడకే వదిలేద్దాం. కానీ ఒక్క ముక్క మాత్రం వెనక్కి తీసుకునేది లేదు. ఆ లాంతరు లేకపోతే ఆ సాయంత్రం ఆ కారు కదిలేది కాదు. ఆ మాటకొస్తే, ఆ లాంతరు లేకపోతే ఆ కారు అసలు ఆగేదే కాదు.

కథ లాంతరుది కాదు, జగ్లూల్‌ది. అతని షెడ్డు మహమూదియాలో కాలువ గట్టు మీద ఉంది. కార్లకు కరెంటు పని చేస్తాడు. సెల్ఫు, డైనమో, లైట్లు, హారన్లు, అన్నీ. షెడ్డు ముందు ఎప్పుడో తుక్కుకు పోయిన బస్సు సీటు ఒకటి వేసి ఉంటుంది. వచ్చినవాడు దాని మీద కూర్చుని టీ గ్లాసు ఖాళీ చేసేదాకా జగ్లూల్ బండి వైపు కన్నెత్తి చూడడు. "ముందు మనిషి చల్లారాలి, తర్వాత ఇంజను" అంటాడు. ఆ టీ చల్లారేలోపు తన కథలు మొదలుపెడతాడు. అలెగ్జాండ్రియాలో పని నేర్చుకునే రోజుల్లో రేవులో ఆగిపోయిన ఓడకు ట్రాము నుంచి వైర్లు లాగి స్టార్టు చేశానంటాడు. ఒక పెళ్ళి కారు హారనుకు తాను కట్టిన రాగం విని, పెళ్ళికూతురు పెళ్ళికొడుకును వదిలి డ్రైవరు పక్కన కూర్చుందంటాడు. ఆ కథలు నమ్మినవాడు లేడు, సగంలో లేచి వెళ్ళినవాడూ లేడు.

నోరు మాత్రం మహా పదును. దొరికిన జోకును వదిలిపెట్టడం అతని ఒంట్లో లేదు. దమన్‌హూర్ టాక్సీ స్టాండు పెద్ద హాజీ మెత్వల్లీ గొంతు పెద్దదని ఆయనకు 'రెండో హారన్' అని పేరు పెట్టాడు. ఆ పేరు ఇప్పుడు హాజీ మనవలు కూడా వాడుతున్నారు. ఊరి డాక్టరుకూ, రొట్టెలవాడికీ, చివరికి సొంత మామగారికీ పేర్లున్నాయి. అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

ఇంత కోతలరాయుడూ రంజాన్ నెలలో మాత్రం మారిపోతాడు. తెల్లారి ఉపవాసం మొదలైన దగ్గర్నుంచి సాయంత్రం అజాన్ వినపడేదాకా ఒక్క అబద్ధం ఆడడు. తిండీ నీళ్ళూ మానేసి అబద్ధాలు మింగితే ఉపవాసం ఏం మిగులుతుంది అని అతని లెక్క. అందుకే రంజాన్ పగళ్ళలో జగ్లూల్ దగ్గరికి బండి తేవాలంటే జనానికి గుండె దడ. మిగతా రోజుల్లో "కొత్త పెళ్ళికూతురులా ఉంది మేస్త్రీ, నీ బండి" అనేవాడు, ఆ నెలలో ఒక చుట్టు తిరిగి చూసి "ఖననం చెయ్" అంటాడు.

బయూమీ ఈ జగ్లూల్ చెల్లెలి మొగుడు. దమన్‌హూర్, రషీద్‌ల మధ్య ఏడు సీట్ల పాత ఫ్రెంచి కారు తోలుతాడు. మీసం వచ్చినప్పటి నుంచీ అదే దారి, అదే స్టాండు, అదే వరస. ఒద్దికైన మనిషి, నెమ్మదస్తుడు. కారు కూడా యజమానిలాగే నెమ్మది. ఆ నెమ్మది మీదే జగ్లూల్ ఒకరోజు కాఫీ కొట్లో అందరి ముందూ జోకు వేశాడు. "మా బావ బండి ఎక్కేముందు శుభ్రంగా గడ్డం గీసుకుని ఎక్కండి. రషీద్‌లో దిగేసరికి ఇమాం గారిలా దిగుతారు."

అంతే. ఆ మర్నాటి నుంచి ప్రతి ప్రయాణికుడూ దిగేటప్పుడు గడ్డం తడుముకోవడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు కూడా. బయూమీ మొదట నవ్వాడు, తర్వాత నవ్వినట్టు నటించాడు, ఆ తర్వాత బావమరిదితో మాటలు మానేశాడు. పండగలకు వెళ్ళేవాడు కాదు, ఎదురైతే రోడ్డు దాటేవాడు. కారుకు పోయినేడు వైరింగంతా జగ్లూలే చేశాడు కదా, చిన్న రిపేరు వస్తే ఎవరి దగ్గరికి వెళ్తావని నర్గిస్ అడిగితే "దేశంలో ఇంకెవరూ లేరా?" అన్నాడు.

ఆ ఏడు రంజాన్ చలికాలంలో వచ్చింది. నెలవంక కనబడే రోజున నర్గిస్ బజారు నుంచి ఆ లాంతరు తెచ్చింది. రంజాన్‌కి ఇంటింటా వెలిగించే రకం, రంగు గాజుల పలకలు, పైన చిన్న కొక్కెం. "పిల్లలకు కాదు, నీ బండికి" అంది. "అందరి బండ్లలోనూ వేలాడుతోంది, నీ బండే విధవరాలిలా ఉంది."

బయూమీకి ముచ్చటేసింది. అద్దం కింద తగిలించాడు, రేడియో వెనకనుంచి వైరు లాగాడు. తీరా చూస్తే లోపల బల్బు మాడిపోయి ఉంది. నెలవంక కనబడ్డ వేళకి కొట్లన్నీ కిటకిటలాడుతున్నాయి, సరిపడే బల్బు దొరకలేదు. అప్పుడు అతని చూపు డాష్‌బోర్డు మీద పడింది. అక్కడ బ్యాటరీ బొమ్మతో ఒక ఎర్ర దీపం ఉంటుంది. తాళం తిప్పగానే వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోతుంది. ఇక రోజంతా దానికి పనే లేదు. బయూమీ ఆలోచించాడు. నేను తెల్లారింది మొదలు స్టీరింగు పట్టుకునే ఉంటాను, గేరు పని చేస్తుంది, బ్రేకు పని చేస్తుంది, ఈ ఒక్కడు మాత్రం పొద్దున ఒకసారి కళ్ళు తెరిచి మళ్ళీ పడుకుంటాడు. పుణ్యమాసంలోనైనా వాడి చేత పని చేయిద్దాం. డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి బల్బు ఊడబీకి లాంతరులో పెట్టాడు. ఎర్ర గాజు వెనకది మామూలు తెల్ల బల్బే. లాంతరు పెళ్ళిపందిరిలా వెలిగింది. నర్గిస్ చప్పట్లు కొట్టింది.

కష్టాలు మర్నాడే మొదలయ్యాయి.

మొదటి సాయంత్రం దమన్‌హూర్ స్టాండులోనే కారు మూగబోయింది. తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. ఎవరో తమ బండి పక్కకు తెచ్చి బ్యాటరీకి బ్యాటరీ వైర్లు తగిలిస్తే ఇంజను హాయిగా అందుకుంది. వైర్లు తీశారో లేదో, గొంతు పిసికినట్టు ఆగిపోయింది. మళ్ళీ తగిలించారు, బతికింది. తీశారు, చచ్చింది. బ్యాటరీ అయిపోయిందన్నారు. బయూమీ దాన్ని రాత్రంతా ఛార్జింగుకు పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా నడిచి మళ్ళీ అదే కథ. బంధువు దగ్గర మంచి బ్యాటరీ అరువు తెచ్చి వేశాడు. అదీ సాయంత్రానికి శవమైంది. టెర్మినళ్ళు ఊడదీసి తుప్పు గీకి, గట్టిగా బిగించాడు. ఇంకో మెకానిక్ ఫ్యాన్ బెల్టు మార్చాడు. ఇంకొకడు దిష్టి తగిలిందన్నాడు. అందరూ లాంతరు బాగుందన్నారు.

మనసులో మాత్రం బయూమీకి సందేహం లేదు. ఇదంతా జగ్లూల్ పనే. కథలు చెప్పుకుంటూ చేసిన వైరింగు ఇంతకంటే ఎలా ఏడుస్తుంది?

నాలుగుసార్లు నడిరోడ్డు మీద ప్రయాణికులు ఉపవాసంతో దిగి తోసే పరిస్థితి వచ్చాక హాజీ మెత్వల్లీ అతన్ని పిలిచాడు. పిలిచాడంటే, స్టాండులో పావురాలన్నీ లేచిపోయాయి.

"బయూమీ! నీ మీద నాకు కోపం లేదు. కానీ రంజాన్‌లో జనం ఇంటికెళ్ళి ఉపవాసం విడవాలి, నీ కారు వెనక్కాల కాదు. ఇవాళ నేనే నీ బండిలో రషీద్ వస్తున్నా, మా అమ్మాయి ఇంటికి. దారిలో ఆగిందో, ఎందుకు ఆగిందో అక్కడే తేల్చేస్తా. బండి ముసలిదైతే ఓపిక పడతా. మెకానిక్ తప్పయితే మెకానిక్‌ని తిడతా. డ్రైవరు చేతులు ఊరుకోక ఏదైనా కెలికాడని తెలిస్తే మాత్రం లైన్లోంచి తీసేస్తా. వెనకటివాడొకడు సొంతంగా బ్రేకులు కెలికి కాలువలో పడ్డాడు, గుర్తుందిగా?"

"నేనేం కెలకలేదు హాజీ" అన్నాడు బయూమీ. నిజంగానే అన్నాడు. లాంతరు అలంకారం. అలంకారాన్ని కెలకడం అంటారా?

అలా ఆ సాయంత్రం కారు బయల్దేరింది. ముందు సీట్లో హాజీ. మధ్యలో ఇన్షిరా అమ్మ అనే పెద్దావిడ, ఒళ్ళో గుడ్డ కట్టిన గిన్నె. రషీద్‌లో ఉన్న కొడుక్కి బాతు వండి తీసుకెళ్తోంది. ఆవిడ పక్కన సెలవు మీద ఇంటికి పోతున్న సిపాయి ఒకడు, ఎక్కీ ఎక్కగానే ఆవిడ భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. మిగతావాళ్ళు రోజూ పోయేవాళ్ళే. పొద్దు వాలుతోంది, మంచు దిగుతోంది, హెడ్‌లైట్లు వేయక తప్పలేదు. బయూమీ ప్రతి గేరుకూ ఒకసారి దేవుణ్ణి తలుచుకున్నాడు. దారిలో మహమూదియా వచ్చింది. జగ్లూల్ షెడ్డు ముందునుంచి వెళ్తుంటే తల తిప్పుకుని ఎదుటి గట్టు చూశాడు.

షెడ్డు దాటి జామతోటల దగ్గరికి వచ్చేసరికి లైట్లు పసుపు రంగుకు తిరిగాయి. ఇంజను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. రోడ్డు పక్కకు జారి ఆగిపోయింది.

సిపాయి గురక పెట్టాడు.

"సరే" అన్నాడు హాజీ. ఆయన మెల్లగా మాట్లాడటం బయూమీ అదే మొదటిసారి వినడం. అరుపుకంటే అదే ఎక్కువ భయపెట్టింది.

అటుగా వస్తున్న టమాటాల లారీ ఆగింది. డ్రైవరు మంచివాడు, వైర్లు తెచ్చి తగిలించాడు. కారు అందుకుంది. తీశాడు, ఆగింది.

"వెనకాలే జగ్లూల్ ఉన్నాడుగా" అన్నాడు లారీవాడు. "ఈ రోడ్డు మీద అతన్ని మించినవాడు లేడు."

"వాడు తప్ప ఎవరైనా సరే" అన్నాడు బయూమీ.

ఇన్షిరా అమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది. "నీకూ వాడికీ గొడవేంటో నాకు తెలుసు నాయనా. గడ్డం గొడవ. నేనూ తడుముకున్నా, ఒప్పుకుంటున్నా. కానీ నా బాతుకు మీ గొడవతో సంబంధం లేదు. హాజీ, ఫోను చెయ్యి."

హాజీ సెల్‌ఫోను తీశాడు. ఆయన గొంతుకు ఫోను అవసరమా అని లారీవాడు ఆశ్చర్యపోయాడు.

జగ్లూల్ పాత మోటారుసైకిలు మీద వచ్చాడు. మెళ్ళో ఉన్ని మఫ్లరు, భుజాన పనిముట్ల సంచీ. పగలంతా టీ లేదు, సిగరెట్టు లేదు, మొహం ఉతికిన గోనెసంచిలా ఉంది. బయూమీని చూశాడు, కారును చూశాడు.

"అస్సలాము అలైకుం బావా."

బయూమీ సలాముకు జవాబిచ్చాడు. అది బాకీ ఉంచకూడదు కనక. ఆ వెంటనే మొహం కాలువ వైపు తిప్పుకున్నాడు.

"ఏం చేస్తోంది?" అని జగ్లూల్ లారీవాణ్ణి అడిగాడు.

"వైర్లు ఉంటే నడుస్తోంది. తీస్తే ఆగిపోతోంది."

"అంటే పక్కింటి అన్నం తిని బతుకుతోంది. సొంత పొయ్యి వెలగట్లేదు." జగ్లూల్ బానెట్ లోకి వంగాడు. టెర్మినల్ పట్టుకుని ఊపాడు, కదల్లేదు. బెల్టును బొటనవేలితో నొక్కాడు, బిగువుగా ఉంది. "బ్యాటరీ ఇంజన్ని నిద్ర లేపడానికే. లేచాక డైనమో వండి పెట్టాలి, బ్యాటరీకీ ఇంజనుకీ. ఇక్కడ వంటమనిషి లేవట్లేదు. బావా, తాళం తిప్పు. స్టార్టు చెయ్యకు, ఊరికే తిప్పి ఉంచు."

లారీవాడు మళ్ళీ వైర్లు తగిలించాడు, బయూమీ తాళం తిప్పాడు. జగ్లూల్ స్క్రూడ్రైవర్ మొన డైనమో వెనక బేరింగు దగ్గరికి తీసుకెళ్ళాడు. డైనమో మేల్కొంటే ఆ ఇనుము అయస్కాంతమై మొనను లాక్కోవాలి. లాక్కోలేదు. స్క్రూడ్రైవర్ అతని వేళ్ళ మధ్య నీరసంగా వేలాడింది.

జగ్లూల్ దాంతోనే ముందుపన్ను మీద టకటక కొట్టుకున్నాడు. అది అతని ఆలోచించే అలవాటు.

"ఏంటి సంగతి?" అన్నాడు హాజీ.

"డైనమో బాగానే ఉంది హాజీ. దాన్ని తట్టి లేపేవాడు రావట్లేదు."

"ఎవరు లేపాలి?"

"డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఉంటుందే, దాంట్లోంచి వచ్చే కాస్త కరెంటే లేపాలి. అది చూపించడానికి పెట్టిన దీపం అనుకుంటారు జనం. కాదు. అది వెలిగితేనే డైనమోకు మెలకువ వస్తుంది. అది లేచి వంట మొదలెట్టాక దీపం తనంత తానే ఆరిపోతుంది."

డ్రైవరు సీట్లో కూర్చున్న బయూమీకి అప్పుడు వెలిగింది. కళ్ళు వాటంతట అవే పైకి, అద్దం కింద వేలాడుతున్న లాంతరు వైపు పోయాయి. లారీ బ్యాటరీ కరెంటుతో అది తళతళ మెరుస్తోంది. ఎర్ర పలక, పచ్చ పలక, నీలం పలక. ఎంత బాగుందో! దాన్ని చూస్తుంటే ఏడుపొచ్చింది.

"అజాన్‌కి ఇంకాస్తే టైముంది, కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకొస్తా" అని హాజీ కాలువ మెట్లు దిగాడు. మిగతావాళ్ళూ ఆయన వెనకే దిగారు, లారీవాడు టమాటాల పెట్టెలు సర్దుకోడానికి పోయాడు. సిపాయి నిద్రపోతున్నాడు. ఇన్షిరా అమ్మ బాతును వదిలి కదల్లేదు.

జగ్లూల్ డ్రైవరు తలుపు తీసి, బయూమీని పక్కకు జరగమని, వెల్లకిలా పడుకుని డాష్‌బోర్డు కిందికి తల దూర్చాడు. చెయ్యి తడిమింది. ఆగింది. బల్బు ఉండాల్సిన చోట ఖాళీ గుంట. దుమ్ములో వేలిముద్రలు కూడా ఉన్నాయి.

మెల్లగా బయటికొచ్చాడు. బయూమీ మొహం చూశాడు. బయూమీ చూపు ఎటు పోతోందో అటు చూశాడు. లాంతరు.

సిస్టర్ల బడిలో చదువుకున్నవాళ్ళకు ఆ క్షణం తెలుస్తుంది. బెత్తం పైకి లేచాక, కిందికి పడేలోపు, గదిలో ఈగ కూడా ఎగరదు.

జగ్లూల్ మీసం వణికింది. భుజాలు కదలడం మొదలయ్యాయి. పళ్ళు బిగబట్టాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతని బతుకులో అంతటి జోకు ఎన్నడూ చేతికి రాలేదు, ఇక రాదు కూడా. ఇంజను దీపం పీకి లాంతరులో పెట్టి, వారం రోజులు బ్యాటరీని తిట్టిన డ్రైవరు! దీనితో కాఫీ కొట్లో ముసలితనం దాకా గడిపేయొచ్చు. గడ్డం జోకు దీని ముందు ఎంత?

బయూమీ కళ్ళు మూసుకున్నాడు. "అనేయ్ జగ్లూల్" అన్నాడు గొణిగినట్టు. "ఎలాగూ అంటావు. హాజీ వచ్చాక అనకు, ఇప్పుడే అనేయ్. రేపట్నుంచి నాకు స్టాండు లేదు."

"ఎందుకు లేదు?"

బయూమీ హాజీ పెట్టిన షరతు చెప్పాడు. డ్రైవరు కెలికితే లైన్లోంచి అవుట్. జగ్లూల్ భుజాలు కదలడం ఆగిపోయింది. చెల్లెలి వంటిల్లు, చెల్లెలి పిల్లల చెప్పులు, ఏవో గుర్తొచ్చి ఉంటాయి. లాంతరు తలుపు తెరిచాడు, బల్బు తీశాడు, తుడిచాడు, మళ్ళీ డాష్‌బోర్డు కింద దూరాడు. టిక్. ఎర్ర దీపం వెలిగింది. లేచి బానెట్ దగ్గరికి వెళ్ళి స్క్రూడ్రైవర్ మొన డైనమో దగ్గర పెట్టాడు. అది ఠక్కున అతుక్కుపోయింది.

"సెల్ఫు కొట్టు బావా."

కారు అందుకుంది. ఎర్ర దీపం ఆరింది. లారీవాడు వచ్చి వైర్లు తీశాడు. ఇంజను తాపీగా, తన పాత నెమ్మదితో, తిరుగుతూనే ఉంది.

హాజీ తడి చేతులతో గట్టెక్కి వచ్చాడు. "నడిచిందా! అల్‌హమ్దులిల్లా. ఇప్పుడు చెప్పు జగ్లూల్. తప్పెవరిది?"

జగ్లూల్ స్క్రూడ్రైవర్ తుడుచుకుంటున్నాడు.

"నిన్నే. ఇంకా అజాన్ కాలేదు, నువ్వింకా ఉపవాసంలోనే ఉన్నావు. నీ నోట్లోంచి నిజం వచ్చే నెల ఇదొక్కటే. త్వరగా చెప్పు."

"చెప్తా హాజీ. ఈ గుడ్డ ఎక్కడ పెట్టాను?"

"నీ చేతిలో ఉంది."

"ఇది కాదు, ఇంకోటి." జగ్లూల్ సంచీ మొత్తం నేలమీద బోర్లించాడు. ఒక్కొక్క స్పానరూ తీసి, ఊది, సైజుల వారీగా పేర్చడం మొదలుపెట్టాడు. అతని సంచీలో స్పానర్లు పేర్చి ఉండగా చూసినవాడు అంతకుముందు లేడు.

"జగ్లూల్!"

"హాజీ, గొంతెండిపోయింది, మాట రావట్లేదు."

"స్పానర్ల మీద ఊదడానికి మాత్రం ఊపిరుందా?"

బయూమీ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. బావమరిది ఏం చేస్తున్నాడో అప్పుడే అర్థమైంది. పడమట జామచెట్ల వెనక ఎర్రదనం ఇంకాస్త కిందికి దిగింది. ఆ సూర్యుణ్ణి చేత్తో నొక్కేయాలనిపించింది.

అప్పుడు కాలువ అవతల మసీదు నుంచి అజాన్ వినిపించింది.

అజాన్ మొదలవుతూనే తోట ఇంటివాళ్ళు పళ్ళేలతో రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చారు. ఆ వేళకు రోడ్డు మీద చిక్కిన ఏ మనిషినీ ఆ దారిలో ఊరికే పోనివ్వరు. "ఆగండి, ఆగండి, దేవుడి మీద ఒట్టు, తిని కదలండి!" ఖర్జూరాలు, చింతపండు షర్బత్. సిపాయి ఎవరూ లేపకుండానే లేచి చెయ్యి చాచాడు.

జగ్లూల్ ఒక ఖర్జూరం తీసుకున్నాడు. బిస్మిల్లా అన్నాడు. నోట్లో వేసుకుని నిదానంగా నమిలాడు. గింజ ఉమ్మేశాడు. షర్బత్ గ్లాసు సగం తాగాడు. తర్వాత హాజీ కళ్ళలోకి సూటిగా చూశాడు.

"తప్పు నాదే హాజీ. పోయినేడు వైరింగు చేసినప్పుడు ఎర్ర దీపం వెనక ఒక వైరు వదులుగా వదిలేశా. ఊడిపోయింది. పాపం మా బావ, అతనికేం తెలుసు."

హాజీ అతని మీసానికంటిన ఖర్జూరం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత రెండో హారన్ మోగింది. వదులు వైర్ల గురించి, నిర్లక్ష్యం గురించి, అలెగ్జాండ్రియాలో ఓడ స్టార్టు చేశానన్న మహానుభావుడు డాష్‌బోర్డులో వైరు బిగించలేకపోవడం గురించి ఆయన అరుస్తుంటే కాలువ అవతలివాళ్ళు కూడా షర్బత్ పట్టుకుని నిలబడి విన్నారు. జగ్లూల్ తల వంచుకుని అన్నీ తిన్నాడు, ఖర్జూరాలతో పాటు.

ఇన్షిరా అమ్మ బాతు గిన్నె మూత తెరిచింది. కొడుక్కి రెక్క మిగిలితే చాలంది. అందరికీ తలో ముక్కా చేతిలో పెట్టింది. జగ్లూల్‌కి మాత్రం తొడ పెట్టింది. "లాంతరు ఆరిపోయిందేం నాయనా?" అంది అమాయకంగా.

"అది కూడా ఉపవాసం విడవడానికి వెళ్ళిందమ్మా" అన్నాడు జగ్లూల్.

కారు కదిలే ముందు బయూమీ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి బావమరిది మణికట్టు పట్టుకున్నాడు.

"పో బావా" అన్నాడు జగ్లూల్. "నీ స్పీడుకి ఇప్పుడు బయల్దేరితేనే తెల్లారుజామున సహరీ తినే వేళకి చేరతారు."

బయూమీ పకపకా నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు.

ఆ నెలంతా స్టాండులో జగ్లూల్‌ని 'వదులువైరు' అని పిలిచారు. ఊరందరికీ పేర్లు పెట్టినవాడికి చివరికి ఒక పేరు వచ్చిందని జనం సంబరపడ్డారు. కొన్ని బండ్లు పక్క ఊరి మెకానిక్ దగ్గరికి పోయాయి కూడా. అతను పన్ను మీద స్క్రూడ్రైవర్ కొట్టుకుంటూ ఊరుకున్నాడు.

బయూమీ ఊరుకోలేకపోయాడు. పండగ మర్నాడు కాఫీ కొట్లో లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. లాంతరు, బల్బు, అంతా. హాజీ ఎదుటే చెప్పాడు, లైన్లోంచి తీసినా సరేననుకుని. అందరూ చెమ్మగిల్లిన కళ్ళతో విన్నారు. "చూశారా" అన్నాడు హాజీ గొంతు గద్గదమై, "బావమరిది పరువు కాపాడటానికి తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఇలాంటి మనిషిని లైన్లోంచి తీస్తానన్నాను, దేవుడు నన్ను క్షమించాలి." బయూమీ ఎంత మొత్తుకుంటే అంత గొప్పవాడయ్యాడు. చివరికి విసిగి కూర్చున్నాడు.

కథ తెలిసిన సాక్షి ఇన్షిరా అమ్మ ఒక్కతే. ఆవిడ కనబడినవాళ్ళందరికీ చెప్పింది. అలా కొన్నేళ్ళకు జనానికి అనుమానం మొదలైంది. నిజం తేల్చడానికి ఒకే దారి ఉందని కొందరు రంజాన్ మధ్యాహ్నం పూట జగ్లూల్ షెడ్డుకు వెళ్ళి బస్సు సీటు మీద వరసగా కూర్చున్నారు. "ఉపవాసంలో ఉన్నావు, చెప్పు. ఆ బల్బు ఎక్కడ దొరికింది?"

జగ్లూల్ రెండు పెదవులూ వేళ్ళతో నొక్కి పట్టుకుని, ఆకాశం వైపు చూపించి, పొద్దు వాలాక రమ్మన్నట్టు సైగ చేశాడు. ఆ పూటంతా నోరు తెరవలేదు.

వాళ్ళు పొద్దు వాలాక మళ్ళీ వెళ్ళారు. అప్పుడే బయూమీ ఇంటి నుంచి పళ్ళెం వచ్చింది. ప్రతి ఏడూ రంజాన్ మొదటి రోజున వస్తుంది. నర్గిస్ చేతి కునాఫా, పాకం కారుతూ, సరిగ్గా మధ్యలో గుచ్చిన ఒక చిన్న బల్బు.

"ఏ బల్బు?" అన్నాడు జగ్లూల్, దాన్ని తీసి పాకం నాకి జేబులో వేసుకుంటూ. "అబద్ధం. ఆ రోడ్డు మీదికి నేను వెళ్ళనే లేదు. ఆ రోజు నాకు జ్వరం."

"మరి ఇన్షిరా అమ్మ కళ్ళారా చూశానంటోందే?"

"ఆవిడ చూసింది బాతునే. ఆ మాటకొస్తే బాతు కూడా లేదు. మా బావకు కారు ఉందని మీకెవరు చెప్పారు?"

"ఈ కునాఫా ఎవరు పంపారు మరి?"

జగ్లూల్ ఖాళీ పళ్ళెం వెనక్కి దాచాడు. మీసం మీద పాకం దీపం వెలుతురులో మెరుస్తోంది.

"ఏ కునాఫా?" అన్నాడు.